కిరమానీ వాము: ఒక ఎండుకొండ మొక్క చరిత్ర



వినాయకచవితినాడు ఇరువదియొక్క పత్రులతో పూజ చేయునపుడు మొట్టమొదట మన చేతికి వచ్చునది మాచిపత్రి. దాని ఆకు పైవైపు పచ్చగను, అడుగువైపు తెల్లని నూగుతోను ఉండును. నలిపినచో ఘాటైన వాసన గొట్టును. దవనము దీనికి చెల్లెలు. ఈ రెండును మీరెఱిగినవే. వీనికి జ్ఞాతియైన వేఱొక మొక్క కాశ్మీరము మొదలుకొని పడమటి హిమాలయములందు, వానలు చాలని ఎండుకొండల వాలులమీద, ఏడువేల అడుగులకు పైబడిన ఎత్తున పెరుగుచున్నది. ఉత్తరదేశపు అంగళ్ళలో దాని మొగ్గలను కిరమానీ అజవాన్ అని అమ్ముదురు. అజవాన్ అనగా మన వాము. కిర్మాను పారసీకదేశమందలి పట్టణము. ఈ మొక్క ఏదియో తేల్చుటకు పండితులకు ఎన్నో శతాబ్దములు పట్టినది. ఆ కథనే మనవి చేయుచున్నాను.

మొదట పేరు సంగతి. ఆ సరకు వాము కాదు; అసలు గింజయే కాదు. అవి విచ్చకముందే కోసి యెండబెట్టిన పూమొగ్గలు. గింజలవలె సన్ననివగుటచే ఐరోపా వర్తకులును మోసపోయి పురుగుల విత్తనమని పేరిడిరి. కడుపులోని ఏలికపాములను వెడలగొట్టుట దాని గుణము. ఇందొక అపాయము కలదు. ఖురాసానీ వాము అని వేఱొక సరకున్నది. అది ఉమ్మెత్త కుటుంబమునకు చెందినది. మోతాదు మించినచో మతిభ్రమము కలిగించు విషము. కిరమానీ, ఖురాసానీ యను రెండు మాటలకును చెవికి భేదమెంత? బిడ్డకు పురుగుల మందని తెచ్చినది ఆ రెండవదైనచో ఏమగునో మీరే యోచింపుడు. అమరము వల్లించిన నాకు ఒక వస్తువునకు పది పేరులుండుట వింతగాదు. ఒక పేరు పది వస్తువులకు తగులుకొనుటయు నానార్థవర్గమున చదివితిని. కాని కోశములో నానార్థము శోభ. పచారికొట్టులో అదియే ప్రాణాంతకము.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున డయాస్కరిడీస్ అను గ్రీకు వైద్యుడు ఓషధులపై ఒక గ్రంథము వ్రాసెను. అందు చేదుమొక్కలలో ఒకదానికి సాంటోనికము అని పేరు చెప్పినాడు. సాంటోనులు గాలుదేశమున, అనగా నేటి ఫ్రాన్సులో, నివసించిన ఒక జాతివారు. తరువాతి శతాబ్దములలో ఆ పేరే తూర్పుదేశములనుండి అలెప్పో పట్టణము మీదుగా వచ్చు మొగ్గలకు అంటుకొన్నది. పేరు పడమటిది, సరకు తూర్పుది! మొగ్గలను కొన్నవారు మొక్కను చూచియెఱుగరు.

1753లో స్వీడనుదేశీయుడైన లిన్నేయసు సమస్తవృక్షములకును రెండేసి మాటల నామములు కూర్చెను. ఐరోపా సముద్రతీరపు ఉప్పునేలలలో పెరుగు మాచిపత్రికి అతడు సముద్రసంబంధియను అర్థము వచ్చునట్లు మారిటిమా యని పేరుపెట్టినాడు. తరువాత హూకరు పండితుని బ్రిటిషిండియా వృక్షగ్రంథమున మన హిమాలయపు మొక్కనుగూడ ఆ పేరుక్రిందనే చేర్చిరి. సముద్రమునకు వందలకొలది క్రోసుల దూరమున, మంచుకొండల నీడలో పెరుగు మొక్కకు సముద్రపు పేరు! వారిని నిందింపరాదు. రెండింటికిని పోలిక మిక్కిలి యున్నది.

ఇక మొక్కను చూతము. మొదట కట్టెబారిన మోడు. దానినుండి అడుగు రెండడుగుల ఎత్తున నిక్కిన కొమ్మలు. ఒడలెల్ల బూడిద పూసికొన్న బైరాగివలె తెల్లని నూగు. నీరు లేని నేలలో ఎండగాలులకు అది కప్పుకొన్న దుప్పటి. ఆకులు చీలి, మరల చీలి, దారపుపోగులవలె నుండును. కొమ్మల చివర ఆకులు మాత్రము చీలక సన్నగా నిలుచును. వేసవి కడచిన పిదప పూచును. అసలు గుర్తు పూవులోనున్నది. చేమంతి మనము తలచునట్లు ఒక పూవు గాదు, పెక్కు చిరుపూల సభ; మాచిపత్రి జాతియంతయు ఆ కుటుంబమే. మన మాచిపత్రి శీర్షమున అంచునందలి చిరుపూలు స్త్రీపుష్పములు, నడిమివి ఉభయలింగములు. ఈ ఎండుకొండ మొక్కలోనో, ఉన్న కొలదిపాటి చిరుపూలన్నియు ఉభయలింగములే. అంచున స్త్రీపుష్పములు లేవు. అవి కూర్చున్న పీఠముమీద నూగుండదు. ఐరోపాలో ప్రసిద్ధమైన అబ్సింతు అను చేదుమొక్కకు ఆ పీఠము నిండ వెండ్రుకలే. భూతద్దము, గుండుసూది యున్నచో బడిపిల్లవాడైనను ఇది పరీక్షింపవచ్చును.

ఆకారము కుదిరినంతమాత్రాన మందు కుదురలేదు. 1830లో జర్మనుదేశమున కాలరు, ఆల్ముసు అను నిరువురు ఎవరికివారుగా ఆ మొగ్గలనుండి తెల్లని స్ఫటికములు తీసిరి. వానికి సాంటోనిను అని పేరు. ఎండలో పెట్టినచో అవి పచ్చబడును. 1834లో ట్రోమ్సుడార్ఫు అవి ఎండకు పగిలి చిటిలుటను గూడ వర్ణించెను. మోతాదు మించి తిన్నవాని కంటికి లోకమే పచ్చగా తోచును. అంతకు మించిన మూర్ఛలు. తుర్కిస్థానమందలి సైనా యను జాతి మొక్కలో ఈ సారము హెచ్చు. 1880 దశాబ్దమున అచ్చటి చిమ్‌కెంటు పట్టణమున దీనికై కార్మాగారము వెలసెను. మొగ్గ విచ్చినకొలది సారము తగ్గును గావున కోతకు అదను తప్పరాదు.

రష్యా సరకు ప్రియమైన తరువాత మనవారి చూపు హిమాలయములవైపు మరలినది. కల్కత్తాలోని చోప్రా వైద్యుడు మొదలగువారు పరీక్షించి చూడగా ఒక చిత్రము తేలినది. కుర్రము లోయ, కాశ్మీరములందలి మొక్కలలో సాంటోనిను కలదు. కంటికి అట్లే కనబడు మొక్క మఱికొన్ని లోయలలో కేవలము వట్టిది. వృక్షశాస్త్రజ్ఞులు ఆకారమునుబట్టి ఒకటన్నదానిని రసాయనశాస్త్రము రెండుగా చీల్చినది. నా మనసునకు ఈ కథలో ఇదియే గొప్ప ఘట్టము. పూర్వపు వైద్యులు ఓషధికి దేశమును, కాలమును విధించుట చాదస్తమని నవ్వువారు దీనికేమందురో!

ఇప్పుడు శాస్త్రజ్ఞులు సముద్రపు పేరును ఐరోపా తీరపు మొక్కకే విడిచి, మన కొండమొక్కను బ్రెవిఫోలియా, అనగా పొట్టియాకులది, యని వేఱుచేసినారు. సాంటోనిను ఇరువదవ శతాబ్దము నడుమ అంతకంటె నిరపాయమైన మందులు వచ్చుటచే మూలబడినది. 2015 నుండి మన బడులలో ఏటేట పిల్లలకు పంచుచున్న పురుగుల బిళ్ళ వేఱు, అది ఆల్బెండజోలు. కొండమీద మాచిపత్రులు మాత్రము మునుపటివలెనే యున్నవి. లడకు ప్రాంతపువారు వానిని మోడులతో పెఱికి, చలికాలమునకు పొయ్యిలోనికి కట్టెలుగా ఇంటికప్పులమీద పేర్చుకొందురు.