పాత కంప్యూటర్‌లో యూఎస్‌బీ మైకు తడబడుతోందా? తప్పు మైకుదే కాకపోవచ్చు

చాలా ఇళ్లలో పదిహేనేళ్లు దాటిన కంప్యూటర్ ఒకటి ఇంకా నడుస్తూనే ఉంటుంది. పిల్లల క్లాసుల కోసమో, గల్ఫ్‌లో ఉన్న అబ్బాతో మాట్లాడడానికో దానికి కొత్త యూఎస్‌బీ హెడ్‌సెట్ కొంటాం. తీరా పెడితే ఒక్కోసారి అసలు పలకదు. ఒక్కోసారి పలుకుతుంది గానీ మధ్యలో గరగరమంటుంది, మాట తెగిపోతుంది. షాపుకి తీసుకెళ్తే అక్కడ చక్కగా పనిచేస్తుంది, ఇంటికి తెస్తే మళ్లీ మామూలే. చివరికి ఇంకో హెడ్‌సెట్ కొంటాం, లేదంటే కంప్యూటర్‌నే మూలన పడేస్తాం. చాలాసార్లు ఈ రెండూ అవసరం లేదు.

ఫోన్ మాటలైతే మళ్లీ చెప్పించుకోవచ్చు. కానీ దాదీమాను కూర్చోబెట్టి ఆమె చిన్ననాటి కబుర్లు రికార్డు చేస్తున్నప్పుడు మధ్యలో మాట ఎగిరిపోతే, అది మళ్లీ అలాగే రాదు. అందుకే అసలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మంచిది.

యూఎస్‌బీ అంటే ఒక బస్సు

యూఎస్‌బీలో చివరి అక్షరం 'బస్సు' అనే మాటకే గుర్తు. ఒకే దారి మీద అన్ని పరికరాల సమాచారం పంచుకుని వెళ్తుంది. 1996లో వచ్చిన మొదటి యూఎస్‌బీకి రెండు వేగాలు ఉండేవి: సెకనుకు 1.5 మెగాబిట్లు, 12 మెగాబిట్లు. 1998లో వచ్చిన 1.1లోనూ అవే వేగాలు. 2000లో వచ్చిన 2.0తో అది 480 మెగాబిట్లకు, 2008లో వచ్చిన 3.0తో 5 గిగాబిట్లకు పెరిగింది.

12 మెగాబిట్ల దారిలో ప్రతి మిల్లీసెకనుకి ఒక బస్సు బయలుదేరుతుంది అనుకోండి. ఒక్కో బస్సులో 1500 బైట్లకు చోటు. అందులో 90 శాతం వరకే, అంటే 1350 బైట్ల వరకే, టైముకి తప్పకుండా వెళ్లాల్సిన వాటికి రిజర్వు చేయవచ్చు. శబ్దం, వీడియో, కీబోర్డు, మౌస్ ఈ కోటాలోకి వస్తాయి. పెన్‌డ్రైవ్, ప్రింటర్ లాంటివి మిగిలిన ఖాళీలో సర్దుకుపోతాయి. శబ్దం పంపే ఒక్క దారి ఒక్క బస్సులో 1023 బైట్లకు మించి తీసుకోకూడదు.

సీట్ల లెక్క

సెకనుకు 48,000 నమూనాలతో 16 బిట్ల స్టీరియో శబ్దం వినాలంటే ఒక్కో బస్సులో 192 బైట్లు కావాలి. అదే నాణ్యతతో ఒకే చానల్ మైకుకి ఇంకో 96. అంటే మామూలు హెడ్‌సెట్‌కి 288 సరిపోతుంది. ఇది పెద్ద బరువేమీ కాదు.

24 బిట్లు, 96,000 నమూనాలు అని పెట్టారంటే వినడానికే 576 బైట్లు. స్టీరియోలో రికార్డింగ్ కూడా కలిస్తే 1152. వెంట వెళ్లే అదనపు సమాచారం కూడా కలిపితే ఒక్క పరికరమే బస్సును దాదాపు నింపేస్తుంది. ఇక 192,000 నమూనాలైతే వినడానికే 1152 కావాలి. ఒక్క దారికి 1023 దాటకూడదు కాబట్టి ఈ వేగంలో అది కుదరనే కుదరదు.

ఇప్పుడు పాతకాలపు వెబ్‌క్యామ్ ఒకటి అదే దారిలోకి వచ్చి 1023 బైట్లు రిజర్వు చేసుకుందనుకోండి. మిగిలేది 327. హెడ్‌సెట్‌కి 288 పోతే 39 మాత్రమే. ప్రతి ప్యాకెట్టు వెంట వెళ్లే అదనపు సమాచారానికి ఆ కాస్త చోటు చాలకపోవచ్చు. అప్పుడు రెండోదిగా వచ్చిన పరికరానికి సీటు దొరకదు. హెడ్‌సెట్ బాగానే ఉంది, కెమెరా బాగానే ఉంది. రెండూ ఒకే బస్సు ఎక్కడమే ఇబ్బంది.

పోయిన మాట మళ్లీ రాదు

పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు పంపేటప్పుడు ఏదైనా ముక్క పాడైతే కంప్యూటర్ దాన్ని మళ్లీ పంపిస్తుంది. శబ్దానికి ఆ సౌకర్యం లేదు. మళ్లీ పంపేలోపు దాని టైము దాటిపోతుంది కాబట్టి పోయింది పోయినట్టే. మన చెవికి అది 'టిక్'మనో, గరగరమనో వినిపిస్తుంది. రికార్డింగ్‌లో అయితే ఆ చోట మాట ఉండదు.

2.0 అని రాసి ఉంటే చాలదు

చాలామంది పొరబడేది ఇక్కడే. డబ్బా మీద యూఎస్‌బీ 2.0 అని ఉన్నా హెడ్‌సెట్ 12 మెగాబిట్ల వేగంతోనే నడవొచ్చు. 2.0 నియమాల్లో ఆ వేగం కూడా ఉంది కాబట్టి అది అబద్ధం కాదు. కంప్యూటర్ 480 వేగం ఇవ్వగలిగినా ఆ హెడ్‌సెట్‌కి అది అందదు.

ఇంటెల్ చిప్‌లున్న చాలా పాత కంప్యూటర్లలో నెమ్మది పరికరాల కోసం ప్రతి రెండు పోర్టులకీ ఒక కంట్రోలర్ ఉండేది. అంటే పక్కపక్కనే ఉన్న రెండు పోర్టులు ఒకే 12 మెగాబిట్లు పంచుకోవచ్చు. చవక హబ్బుల్లో చాలావాటిలో, నాలుగు పోర్టులున్నా నెమ్మది పరికరాలన్నింటికీ కలిపి అదే 12 దక్కుతుంది.

ముందు జబ్బేదో తెలుసుకోండి

పరికరం మొదలే కాకపోతే, లేదా కెమెరా తీయగానే హెడ్‌సెట్ పలికితే, అది సీట్ల సమస్య అనుకోవచ్చు.

బాగా మొదలై మధ్యమధ్యలో గరగరమంటే కారణం వేరే ఉండొచ్చు. సీటు ఉంది, కానీ పాత ప్రాసెసర్ టైముకి డేటా అందించలేకపోతోంది. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరిచి ఉంటే ఇది మామూలే. కరెంటు కూడా చూసుకోవాలి. కంప్యూటర్ పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకు ఇస్తుంది. సొంత అడాప్టర్ లేని హబ్బులో ఒక్కో పోర్టుకి దక్కేది 100 మాత్రమే.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో 'డివైసెస్ బై కనెక్షన్' ఎంచుకోండి. ఏ పరికరం ఏ కంట్రోలర్ కింద ఉందో చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది. హెడ్‌సెట్, కెమెరా ఒకే కొమ్మ మీద ఉంటే వాటిని విడదీయాలి.

పైసా ఖర్చు లేకుండా

హబ్బు తీసేసి హెడ్‌సెట్‌ని కంప్యూటర్ వెనక పోర్టులో నేరుగా పెట్టండి. కెమెరాని దూరంగా ఉన్న పోర్టుకి మార్చండి. మార్చిన ప్రతిసారీ పైన చెప్పిన చెట్టు చూసుకోండి.

సౌండ్ సెట్టింగ్స్‌లో నాణ్యతను 16 బిట్లు, 44,100 లేదా 48,000కి తగ్గించండి. మనిషి మాటకి ఇది హాయిగా సరిపోతుంది. ఆడియో సీడీ నాణ్యత కూడా 16 బిట్లు, 44,100యే. కెమెరా బొమ్మ సైజు కూడా తగ్గించి చూడండి.

రికార్డింగ్ ప్రోగ్రాంలో బఫర్ సైజు పెంచితే చాలావరకు గరగర తగ్గుతుంది. మీ గొంతు మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, అంతే. రికార్డింగ్‌కి అది అడ్డు కాదు.

కొనాల్సి వస్తే

ముందు గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న హెడ్‌సెట్ చూడండి. అది కంప్యూటర్ సొంత సౌండ్ చిప్‌కి వెళ్తుంది, యూఎస్‌బీతో దానికి పనే లేదు. డెస్క్‌టాప్‌లో ఖాళీ స్లాటు ఉంటే యూఎస్‌బీ కార్డు వేయించుకోవచ్చు. హెడ్‌సెట్ వేగం పెరగదు గానీ దానికి వేరే బస్సు దొరుకుతుంది.

ఖరీదైన ఆడియో పరికరం కొనే ముందు ఒక మాట అడగండి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 పరికరాలకు విండోస్ తనంతట తానే సపోర్టు ఇచ్చింది 2017లో, విండోస్ 10 వెర్షన్ 1703తో. మీ దగ్గర విండోస్ 7 ఉంటే కంపెనీ ఇచ్చే డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే డబ్బు దండగ.

పెద్దవాళ్లని మైకు ముందు కూర్చోబెట్టే ముందు మీరే ఐదు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి, మొదటి నుంచి చివరి దాకా వినండి. ఆ సమయంలో కెమెరా, హబ్బు, బ్రౌజర్ అన్నీ పక్కన పెట్టేయండి. ఐదు నిమిషాలూ శుభ్రంగా వచ్చాయంటే ఆ పాత కంప్యూటర్‌కి ఇంకా పని ఉన్నట్టే. అప్పుడు దాదీమాని పిలవండి.