పాన్‌మున్‌జోమ్ చర్చల ప్రతిష్టంభన: బాధ్యతా నిర్ణయం

కొరియా యుద్ధవిరమణ చర్చలు 1951 జూలై 10న కెసాంగ్‌లో మొదలై, అదే ఏడాది అక్టోబరులో పాన్‌మున్‌జోమ్‌కు మారి, 1953 జూలై 27న సంతకాలతో ముగిశాయి. విభజన రేఖపై 1951 నవంబరులోనే స్థూలమైన అంగీకారం కుదిరింది. 1952 మే నాటికి తెగని ప్రధానాంశం ఒక్కటే మిగిలింది: యుద్ధఖైదీల అప్పగింత. దానికోసం యుద్ధం మరో ఏడాదికి పైగా సాగింది.

ఈ జాప్యానికి బాధ్యులెవరు? ఉద్యోగపర్వం చదివినవారికి రాయబారం విఫలం కావటంలో దోషమెవరిదో తేల్చుకోవటం కష్టం కాదు. సూదిమొన మోపినంత నేలైనా ఇవ్వనన్న మాటతో అది సభలోనే తేలిపోతుంది. పాన్‌మున్‌జోమ్ చర్చల్లో అటువంటి ఘట్టం లేదు. అక్కడ బాధ్యత ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారుతూ వచ్చింది. కనుక తేదీలను విడిచి చేసే దోషనిర్ణయం నిలవదు.

1949 నాటి జెనీవా ఒప్పందంలోని 118వ అధికరణం ప్రకారం పోరు ఆగిన వెంటనే ఖైదీలను స్వదేశాలకు పంపాలి. అక్షరార్థంలో ఇది చైనా, ఉత్తర కొరియాల వాదానికి అనుకూలం. తిరిగి వెళ్లటానికి ఇష్టపడని వారిని బలవంతంగా పంపరాదని 1952 జనవరిలో అమెరికా ప్రతిపాదించింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం సోవియట్ ఖైదీలను బలవంతంగా అప్పగించిన చేదు అనుభవం దీని వెనుక ఉంది. ఆ సూత్రంలోని నైతికబలాన్ని కాదనలేము. కాని దానిని అమలు చేసిన తీరు వేరు. శిబిరాల్లో కమ్యూనిస్టు వ్యతిరేక ముఠాలు తోటి ఖైదీలను కొట్టి, వారి ఒంటిమీద నినాదాలు పచ్చబొట్లుగా పొడిచి, 'ఇష్టాన్ని' ముందే నిర్ణయించాయి. తిరిగి వెళ్లేవారు దాదాపు 1,16,000 మంది ఉండవచ్చునని ఏప్రిల్ ఆరంభంలో సూచించిన అమెరికా ప్రతినిధులు, పరిశీలన తరువాత ఆ సంఖ్యను 70,000కు తగ్గించారు. దానితో ఎదుటిపక్షానికి రాజీ పడటానికి గౌరవప్రదమైన దారి మూసుకుపోయింది. మే 7న కోజే ద్వీపంలో ఖైదీలే శిబిరాధిపతి జనరల్ డాడ్‌ను బందీగా పట్టుకున్నారు. మనుషులను అప్పగించి శాంతిని కొనబోమని ట్రూమన్ ప్రకటించినది కూడా ఆనాడే. డాడ్‌ను విడిపించుకోవటానికి ఆయన స్థానంలో వచ్చిన అధికారి, ఇకపై బలవంతపు పరిశీలన ఉండదని రాసి ఇచ్చాడు. అంతవరకు జరిగినది బలవంతమేనన్న అర్థం అందులోనే ఉంది.

ఇంతమాత్రాన ఎదుటిపక్షం నిర్దోషి కాదు. 65,000 మందిని పట్టుకున్నామని చాటినవారు 1951 డిసెంబరులో ఇచ్చిన జాబితాలో దాదాపు 11,500 పేర్లే ఉన్నాయి. పట్టుబడిన దక్షిణ కొరియా సైనికులలో అనేకులను అప్పటికే తమ సైన్యంలో చేర్చుకున్నారు. 118వ అధికరణాన్ని వల్లించినవారు ఆ ఒప్పందాన్ని పాటించినవారు కారు. బాంబుదాడులతో నలిగిన కిమ్ ఇల్ సంగ్ 1952 జూలై నాటికి యుద్ధం ముగియాలనే కోరుకున్నాడు, మావో అంగీకరించలేదు. ఆగస్టులో చౌ ఎన్ లైతో మాట్లాడుతూ స్టాలిన్, ఉత్తర కొరియావారు ప్రాణనష్టం తప్ప మరేమీ పోగొట్టుకోలేదన్నాడు. జాప్యపు మూల్యం చెల్లించేవారు ఒకరు, జాప్యాన్ని నిర్ణయించేవారు మరొకరు అన్న సంగతిని ఇంతకంటే స్పష్టంగా చూపే మాట ఆ సంభాషణలో మరొకటి లేదు.

అక్టోబరు 8న అమెరికా పక్షమే చర్చలను నిరవధికంగా నిలిపివేసింది. అప్పుడు ఐక్యరాజ్యసమితిలో వి.కె. కృష్ణమేనన్ మధ్యేమార్గాన్ని ముందుకు తెచ్చాడు: ఖైదీలపై బలప్రయోగం ఉండరాదు, తటస్థ దేశాల సంఘం వారి బాధ్యత వహించాలి. అచెసన్ దీనిని అనుమానంతో చూసి, సవరణలు కోరి, చివరకు అంగీకరించాడు. విషిన్‌స్కీ తీవ్రంగా తిరస్కరించాడు. డిసెంబరు 3న తీర్మానం 54–5 ఓట్లతో నెగ్గినా సోవియట్ యూనియన్, చైనా దానిని తోసిపుచ్చాయి. 1953 జూన్ 8న కుదిరిన ఖైదీల ఒప్పందం సారాంశంలో ఈ తీర్మానమే. కనుక 1952 వసంతకాలపు ప్రతిష్టంభనలో అధికభాగం అమెరికా శిబిరపాలనకు చెందినా, ఆ డిసెంబరు నుండి స్టాలిన్ మరణించిన 1953 మార్చి 5 వరకు గడిచిన కాలపు భారం మాస్కో, పెకింగ్‌లదే. ఒప్పందం కుదిరిన పది రోజులకు దాదాపు 27,000 మంది ఉత్తర కొరియా ఖైదీలను వదిలివేసి సంధినే ప్రమాదంలో పడవేసిన చర్యకు మాత్రం సింగ్‌మన్ రీ ఒక్కడే బాధ్యుడు.

తిరిగి వెళ్లబోమన్న 22,000 మందికి పైగా ఖైదీలు జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన గల తటస్థ సంఘం అధీనంలోకి, భారతసేన కాపలాలోకి వచ్చారు. వారిలో 88 మంది ఉభయ కొరియాలనూ, ఉభయ చైనాలనూ కాదని తటస్థ దేశం కోరుకుని, 1954 ఫిబ్రవరిలో భారతసేనతోపాటు మద్రాసు రేవులో దిగారు. తరువాత పలువురు బ్రెజిల్, అర్జెంటీనాలకు వెళ్లిపోయారు. చర్చల బల్లమీద సంఖ్యలుగానే నిలిచిన ఈ మనుషులకు కొరియా సాహిత్యంలో రూపమిచ్చిన రచన చోయ్ ఇన్‌హున్ నవల 'క్వాంగ్‌జాంగ్' (1960). అందులోని కథానాయకుడు ఇరుపక్షాల అధికారుల పిలుపులనూ నిరాకరించి తటస్థ దేశానికి ఓడ ఎక్కుతాడు. ఆ ఓడ పేరు టాగోర్. తీరం చేరకముందే అతడు ఓడమీదినుండి అదృశ్యమవుతాడు.