గూడబాతుల ఊళ్ళు

శరదృతువులో చెరువుగట్టున నిలిచి పక్షులను చూచే విద్యార్థి తరచు ఒక మాట అంటాడు: ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవేనని. కొన్ని బాతుల విషయంలో ఆ మాట సబబే. గూడబాతుకు మాత్రం అది వర్తించదు. ఇది మన దేశంలోనే పుట్టి పెరిగే పక్షి. నీరు నిండి చేపలు దొరికే చోటికి మకాం మార్చుకుంటుంది, అంతే. ముక్కు కింది తోలుసంచి పొలానికి నీరు తోడే గూడవలె ఉండడంచేత ఈ పేరు వచ్చి ఉండాలి. పేరు పెట్టినవాడు రైతే కాబోలు!

ఈ పక్షులు గుంపులుగా ఊరిచెట్లపై గూళ్ళు కట్టే సంగతిని జెర్డన్ 1862-64లో వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో చెప్పాడు. నాటి ఆంగ్లేయులు కర్నాటిక్ అని వ్యవహరించిన ప్రాంతంలో, ఒక ఊరి నడుమ, అంతగా ఎత్తులేని చెట్లపై ఆయన వాటిని చూచాడు. మనుషుల అలికిడిని అవి లెక్కచేయలేదు. అనాదిగా వస్తున్నాయని ఊరివారు చెప్పారట. అయితే ఆ వాక్యంలో ఊరి పేరు లేదు. పేరు లేకుంటే తరువాతివాడు వెళ్ళి సరిచూచేదెట్లా?

1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో ఒక స్థావరం కనిపించింది. మళ్ళీ దాని జాడ తెలియలేదు. 1906లో రేనియస్ తిరునల్వేలి ప్రాంతపు కూందన్‌కుళం చూచాడు. అక్కడివారు ఆ పక్షులను పవిత్రంగా భావించేవారు.

మనకు ముఖ్యమైనది 1946. ఆ యేడు కె. కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో దాదాపు 3000 గూడబాతులు గూళ్ళు పెట్టిన స్థావరాన్ని చూచి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వివరంగా ప్రకటించాడు. ఆయన వృత్తిచేత ఆంగ్లం బోధించే అధ్యాపకుడు. విజ్ఞానశాస్త్రం చెప్పే మావంటివారు ఇది గమనించవలసి ఉంది. "కనుగొన్నాడు" అని పుస్తకాలు వ్రాస్తాయి గాని, చెట్ల కింద కాపురమున్నవారికి అది కొత్త సంగతి కాదు.

1974 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయింది.

గూడబాతు గ్రుడ్లు పొదగడానికి సుమారు నెల పడుతుంది. పిల్ల ఎగరడానికి మరి మూడు నుంచి అయిదు నెలలు. అంతకాలమూ దగ్గరలో చేపలున్న నీరు, పైన కదలని కొమ్మ రెండూ కావాలి. వానలకు చెరువులు నిండిన వెంటనే గూడు మొదలుపెడితేనే లెక్క సరిపోతుంది. రెండింటిలో ఏది లోపించినా సంసారం సాగదు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా గూడబాతుల స్థావరం శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. కొల్లేటివే అక్కడికి చేరాయనుకోవడం తొందరపాటు. 1976లో సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు రక్షితస్థానమైంది. అక్కడ పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుంది.

కొల్లేటికి కూడా గూడబాతులు తిరిగి వచ్చాయి. ఆటపాకలో అటవీశాఖవారు నీటి నడుమ ఇనుప మంచెలు నిలబెట్టగా, వాటిమీదనే పుల్లలు పేర్చి గూళ్ళు కడుతున్నాయి.