షావుకారు వడ్డీ, కాలేజీ ఫీజు
మన తాతల కాలంలో ఏజెన్సీలో అప్పంటే షావుకారే. చింతపండు తక్కువ తూకం వేసి, చివరికి భూమి రాయించుకునేవాడు. 1917లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చి, వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదంది, మొత్తం వడ్డీ అసలును మించకూడదంది. కాగితం మీద బాగానే ఉంది లెండి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మనకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చింది. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల గడప తొక్కాం. సర్కారు డబ్బు ఆలస్యమైతే మాత్రం కాలేజీ పట్టుకునేది మన సర్టిఫికెట్లనే.

మాలో ఒకడి టీసీ విడిపించడానికి వాళ్ళమ్మ నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే ఏడాదికి 36. షావుకారు అదే సంతలో ఉన్నాడు, ఇప్పుడు ఫోన్‌పేలో తీసుకుంటున్నాడు.