రికార్డుకెక్కని ఎండ్రకాయ

భద్రాచలం అడవి లెక్కలు తీస్తే ముందు కనిపించేవి టేకు, వెదురు, తునికాకు. ఎండ్రకాయకు వాటి పక్కన చోటు లేదు. సంతలో పెద్దగా అమ్ముడుపోని దాని మీద పన్ను రాదు. పన్ను రాని దాన్ని గుమస్తా రాసుకోడు. కానీ పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని వానాకాలంలో కోయ, కొండరెడ్డి ఇళ్లలో కూరకుండ నింపింది వాగూ, మడిగట్టే. కాబట్టి ఇదీ మన చరిత్రే.

ఈ నేల చాలా చేతులు మారింది. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారికి, 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసుకు పోయింది. మద్రాసు పాలనలో పోడు మీద పన్ను పెరిగింది. 1879లో మొదలైన రంప పితూరీ రేకపల్లి దాకా పాకడానికి అదొక కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో వేటనే కాదు, చేపలు పట్టడాన్నీ నిబంధనల కిందికి తెచ్చింది. 1959లో భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. గీత మారినప్పుడల్లా మనం తిరగాల్సిన ఆఫీసు మారింది. బొరియలో చెయ్యి పెట్టే పద్ధతి మారలేదు.

ఆ పద్ధతిలో చదువు ఉంది. ఎండ్రకాయను వెల్లకిలా తిప్పి చూస్తారు. పొట్ట కింది మడత సన్నగా, కోసుగా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది. ఆ మడత కింద గుడ్లో పిల్లలో ఉంటే వదిలేయాలి. సముద్రపు పీత గుడ్లు పొదిగితే నీటిలో తేలే లార్వాలు వస్తాయి. మన వాగు ఎండ్రకాయకు అలా కాదు. గుడ్డులోంచే చిన్న ఎండ్రకాయ బయటికొస్తుంది, కొన్నాళ్లు తల్లి పొట్టకే అంటుకుని ఉంటుంది. తల్లిని పట్టుకుంటే ఆ సంతానమంతా పోయినట్టే. వండడానికి కదులుతున్నది, చేతికి బరువుగా తగిలేది మంచిది. చచ్చినది త్వరగా పాడవుతుంది, ముట్టుకోవద్దు.

బాగా కడిగి, పైడిప్ప ఊడదీసి, ఈకల్లాంటి మొప్పలు తీసి పారేయాలి. డెక్కలు చితగ్గొట్టి ఉల్లిగడ్డ, కారం, చింతపండు పులుసుతో ఉడికిస్తారు. చిన్న కాళ్లను రోట్లో దంచి, రసం వడగట్టి కాస్తారు. జలుబు చేసినవాళ్లకు వేడివేడిగా పోస్తారు. నిప్పుల మీద కాల్చినా లోపలి కండ తెల్లగా గట్టిపడేదాకా ఉంచాలి. మణిపూర్, నాగాలాండ్‌లలో సరిగా ఉడకని ఎండ్రకాయల వల్ల ఊపిరితిత్తుల్లో పురుగు చేరి, దగ్గులో రక్తం పడితే టీబీ అని పొరబడిన సందర్భాలు ఉన్నాయి. రసం కూడా తెర్లాల్సిందే.

ఇప్పుడు మడిలో గుళికల మందు, పత్తిచేలో పురుగుమందు చల్లుతున్నాం. పురుగును చంపే మందుల్లో చాలావాటికి ఎండ్రకాయ పురుగు కంటే గట్టిదేమీ కాదు. గట్టుకు బొక్క పెడుతుందనీ, నారు కొరుకుతుందనీ దాన్ని పగదానిగా చూస్తాం. మందు పడిన మడిలోది కూరకు పనికిరాదు.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చేపలతో పాటు నీటి వనరుల్లో దొరికే ఇతర వాటిపైనా సామూహిక హక్కును గుర్తించింది. పోడు పట్టా కోసం తిరిగినంతగా మనం దీనికోసం తిరగలేదు. పంతుళ్లు ఒక పని చేయించవచ్చు: పిల్లలు పెద్దలను అడిగి, ఊరి వాగులు, మడుగులు, ఏ కాలంలో అక్కడ ఏం దొరుకుతుందో నోటుబుక్కులో రాయాలి. గ్రామసభ సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ పేర్లన్నీ అందులో ఉండాలి. గుమస్తా రాయనిది మనమే రాయాలి.