కాగితం కోటలో పుట్టిన భయం

ఇంగ్లిష్ గోతిక్ నవలకు ముందు ఇల్లు పుట్టింది, తర్వాతే కథ. అప్పట్లో లండన్ పక్కనున్న ట్వికెన్‌హామ్‌లో, థేమ్స్ నదికి దగ్గరగా, హొరేస్ వాల్పోల్ ఒక చిన్న ఇల్లు కొన్నాడు. ఏళ్ల తరబడి గదులు చేరుస్తూ దాన్ని పాతకాలపు కోటలా మార్చుకున్నాడు. దాని పేరు స్ట్రాబెర్రీ హిల్. అక్కడి పొడవాటి గదిలో తలెత్తి చూస్తే పెద్ద చర్చి పైకప్పులోని రాతి చెక్కడమే అనిపిస్తుంది. నిజానికది కాగితపు గుజ్జుతో చేసింది. మెట్ల పక్క గోడమీది రాతి అల్లిక కూడా కాగితం మీద రంగులతో వేసిందే.

ఆ రోజుల్లో ‘గోతిక్’ అన్నది తిట్టు. రోమ్‌ను కొల్లగొట్టిన గోత్ తెగల పేరు పెట్టి, మధ్యయుగాల కట్టడాలను మొరటువని ఈసడించేవారు. వాల్పోల్ ఆ తిట్టునే నెత్తిన పెట్టుకున్నాడు.

1764 జూన్‌లో అతనికో కల వచ్చింది. పాత కోటలో పెద్ద మెట్లు, పైమెట్టు దగ్గరి పిట్టగోడ మీద ఇనుప కవచం తొడిగిన రాకాసి చెయ్యి. ఆ సాయంత్రమే, ఏం రాయబోతున్నానో తనకే తెలియకుండా రాయడానికి కూర్చున్నానని ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ పూర్తయింది. పెళ్లి జరగాల్సిన రోజున, ఎక్కడినుంచి పడిందో తెలియని కొండంత శిరస్త్రాణం కింద పెళ్లికొడుకు నుజ్జయిపోతాడు. కథకు అదే మొదలు.

డిసెంబరులో 500 ప్రతులు వేశారు. తన పేరు పెట్టడానికి మాత్రం వాల్పోల్ జంకాడు. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని నమ్మబలికాడు. జనం ఎగబడి కొన్నాక, 1765లో రెండో ముద్రణ ముందుమాటలో నిజం ఒప్పుకున్నాడు. ‘ఎ గోతిక్ స్టోరీ’ అన్న మాటను తగిలించింది అప్పుడే. ఆ రకం నవలలన్నిటికీ అదే పేరు నిలిచింది.

విత్తు అతనిదే అయినా, పంట పండించింది ఆన్ రాడ్‌క్లిఫ్ అంటాను. 1794లో ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’కు ఆమె అందుకున్న 500 పౌండ్లు ఆనాటి నవలకు చాలా పెద్ద మొత్తం. ఉడాల్ఫో కోటలో కథానాయిక ఎమిలీ ఒక నల్లటి తెర తొలగించి చూసి, స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో రచయిత్రి చెప్పదు. నాలుగు సంపుటాల నవల చివరికొస్తేగానీ అది కుళ్లిన శవంలా చేసిన మైనపు బొమ్మ అని తెలియదు. ఇంతేనా అని నిట్టూర్చే పాఠకులు నేటికీ ఉన్నారు. దెయ్యం లేకుండా అన్ని వందల పేజీలు గుండె దడదడలాడించడమే అసలు విద్య అని నా నమ్మకం. కనిపించని దానివల్ల కలిగే గుబులు మనసును మేల్కొలుపుతుందనీ, కళ్లెదుటి బీభత్సం దాన్ని ముడుచుకుపోయేలా చేస్తుందనీ ఆమె ఒక వ్యాసంలో వివరించింది. ఆమె పోయాక 1826లో అది అచ్చయింది.

1796లో ‘ది మాంక్’ వెలువరించిన మాథ్యూ లూయిస్ కళ్లెదుటి బీభత్సమనే ఆ రెండో దారే పట్టాడు. 1818లో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’తో భయం కోట విడిచి, ప్రయోగాలు చేసే గదిలోకి వచ్చింది. 1847లో ‘జేన్ ఐర్’ దాన్ని మామూలు బంగళా మేడగదిలో దాచింది. 1897లో ‘డ్రాకులా’ దాన్ని ట్రాన్సిల్వేనియా కోటనుంచి ఓడెక్కించి నేరుగా ఇంగ్లండుకే తెచ్చింది.

స్ట్రాబెర్రీ హిల్ ఇప్పటికీ నిలిచే ఉంది, సందర్శకులను లోపలికి రానిస్తారు. లండన్ వెళ్లినవారు ఒక పూట అటు వెళ్లి, ఆ మెట్ల కింద నిలబడి ఒక్కసారి పైకి చూడండి.