రావిశాస్త్రి ‘మాయ’: నిందితురాలి నోట న్యాయవిచారణ

మాండలికం కథకు స్థానికతను అద్దే అలంకారం మాత్రమే అనుకునేవారిని రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) ‘మాయ’ కథ ఇరుకున పెడుతుంది. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి మద్యనిషేధ కాలపు కోర్టులను లోపలినుంచి ఎరిగినవాడు. ‘ఆరు సారా కథలు’ సంపుటికి ఆ అనుభవమే ముడిసరుకు.

‘మాయ’లో యువ న్యాయవాది మూర్తికి సారా కేసు నిందితురాలు ముత్యాలమ్మ లోకం పోకడ చెబుతుంది. చట్టం చదివినవాడు అతడు. అది నడిచే తీరు తెలిసినది ఆమె. పోలీసులను, వకీళ్లను, డబ్బును కలిపే లంకెను ఆమె తన ఉత్తరాంధ్ర పలుకులోనే విప్పుతుంది. మూర్తి చదువుకు అందని విశ్లేషణ అది. జాలరిపేట వంటి విశాఖ శ్రామికవాడల మాటతీరుకు దగ్గరైన ఈ భాష ఇక్కడ నవ్వించడానికి రాలేదు, వాదించడానికి వచ్చింది. అభియోగపత్రంలో చోటు దొరకని వాదం అది.

అమెరికన్ వాస్తవికతావాద నవలలో మార్క్ ట్వెయిన్ ‘హకల్‌బెరీ ఫిన్’ (1884) ఇందుకు పోల్చదగినది. తాను వాడిన మాండలికాలను ట్వెయిన్ నవల ఆరంభంలోనే పేర్కొన్నాడు. 1885లో కాన్‌కార్డ్ గ్రంథాలయం దానిని నిషేధించింది. భాష మొరటుదన్నది అభ్యంతరాల్లో ఒకటి. ప్రభావం సంగతి అటుంచితే, ఇద్దరి నిర్మాణాల్లోని భేదం గమనించదగ్గది. హక్ తన కథకు తానే కథకుడు. ముత్యాలమ్మకు ఆ అధికారం లేదు. శిష్టభాషలో సాగే కథనం మధ్య, వినవలసి వచ్చిన వకీలు ఎదుట, ఆమె మాట్లాడుతుంది. అయినా కథలో ఎక్కువసేపు నోరు మెదపలేనిది మూర్తే.